‘పడదు’: ఆహారం సరిపడకపోవడం, ఇంటివారి అపనమ్మకం – ఒక భాషాచారిత్రక పరిశీలన

ఒక ఆహారపదార్థం ఒకరి శరీరానికి సరిపోని స్థితిని తెలుగువారు ‘పడదు’ అనే చిన్న మాటతో చెబుతారు. పాలు పడవు, వంకాయ పడదు, రొయ్యలు పడవు. వైద్యుని ఎదుట ఈ మాట ఒక లక్షణంగా నమోదవుతుంది. ఇంట్లో, విస్తరి ముందు, అదే మాట వంకగా, పేచీగా, లేనిపోని సుకుమారంగా వినబడుతుంది. ‘నిన్న తిన్నావుగా’, ‘ఒక్క ముద్దకు ఏమవుతుంది’, ‘అలవాటైతే అదే సర్దుకుంటుంది’ అన్నవి తెలుగిళ్ళలో దీనికి తరచుగా వచ్చే జవాబులు. వీటిని ఇంటివారి మొండితనంగా కొట్టివేయడం తేలిక. కాని ఈ జవాబుల వెనుక ఒక భావచరిత్ర ఉంది. భాషలోనూ, వైద్యశాస్త్రంలోనూ, గృహాచారంలోనూ దాని ఆనవాళ్ళు దొరుకుతాయి. వాటిని ఒకచోట చేర్చి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

మాట చెప్పేది, ఇల్లు వినేది

‘నాకు పాలు పడవు’ అన్న వాక్యంలో కర్త పాలు. క్రియ బహువచనంలో ఉండడమే అందుకు సాక్ష్యం. ‘నాకు వంకాయ పడదు’ అన్నప్పుడు క్రియ ఏకవచనానికి మారుతుంది. మాట్లాడే మనిషి ‘కు’ ప్రత్యయంతో, జరిగేదానికి లోనయ్యే స్థానంలో నిలుస్తాడు. ఆకలి వేయడం, నిద్ర రావడం, జ్వరం తగలడం వంటి ఇచ్ఛాధీనం కాని అనుభవాలకు ద్రావిడ భాషలు సాధారణంగా ఈ నిర్మాణాన్నే వాడతాయి. ‘నేను పాలు తాగను’ అన్న వాక్యం ఇందుకు భిన్నం. అక్కడ కర్త ‘నేను’. ‘తాగను’ అన్న వ్యతిరేకరూపం అలవాటునూ, నిశ్చయాన్నీ, నిరాకరణనూ ఒక్క రూపంలోనే చెబుతుంది. వ్యాకరణం దృష్ట్యా ‘పడదు’, ‘తినను’ అన్న రెంటి నడుమ గీత స్పష్టంగానే ఉంది. అపనమ్మకం పుట్టేది మొదటి వాక్యాన్ని రెండవ వాక్యంగా వినడంలో. పాలు కర్తగా చెప్పిన వాక్యం వినేవారి చెవిలో మనిషి కర్తగా ఉన్న వాక్యంగా మారిపోతుంది.

ఆ మార్పుకు మాటలోనే కొంత వీలుంది. మనుషుల మధ్య పొత్తు కుదరకపోవడానికీ తెలుగులో ఇదే క్రియ. అత్తాకోడళ్ళకు పడదు, అన్నదమ్ములకు పడదు. ‘గిట్టదు’ కూడా అంతే. తిండి గిట్టదు, మనిషి గిట్టడు. మనుషుల మధ్య పడకపోవడంలో ఇష్టాయిష్టాలుంటాయి, సర్దుకుపోయే అవకాశముంటుంది, తప్పు ఒకరిదో ఇద్దరిదో అయి ఉంటుంది. తిండి విషయంలో ఆ మాటే వాడినప్పుడు ఈ అర్థచ్ఛాయలన్నీ దాని వెంట వస్తాయి. కొత్త కోడలు ‘ఈ కూర నాకు పడదు’ అన్నప్పుడు కూరతో పాటు వండినవారి ప్రస్తావన కూడా వచ్చినట్లు వినబడడం అందుకే. ‘నీళ్ళు పడలేదు’ అన్న మాటను మాత్రం ఎవరూ శంకించరు. మెట్టినింటికి వెళ్ళిన పిల్ల చిక్కిపోతే, వేరే ఊరికి బదిలీ అయిన ఉద్యోగి జబ్బుపడితే, ‘ఆ ఊరి నీళ్ళు పడలేదు’ అని పెద్దలే తేల్చిచెబుతారు. ఊరి నీటి విషయంలో నింద ఎవరికీ తగలదు. ఇంటి కూరకు వండిన చేయి ఒకటుంది.

సామెతలు కూడా చాలావరకు వినేవారి పక్షమే వహిస్తాయి. ‘పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి’ అన్నది మనుషుల మధ్య భేదాన్ని ఒప్పుకుంటుంది గాని ఆ భేదాన్ని నాలుకకే పరిమితం చేస్తుంది. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్నది మరింత ఆసక్తికరం. కంద దురదకు కారణం అందులోని కాల్షియం ఆక్సలేట్ సూది స్ఫటికాలు. అవి చేతికీ గొంతుకూ గుచ్చుకుంటాయి. వండే విధానం తప్పితే దురద దాదాపు అందరికీ కలుగుతుంది కనుక దానికి చింతపండు పులుసు అనే ఉపాయం వంటింట్లో స్థిరపడింది. ఒక్కరికే కలిగే దురదకు అలాంటి ఉపాయమేదీ ఏర్పడలేదు. ఆ ఒక్కరిని గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు ఈ సామెతే చేతికి అందుతుంది.

ఉపయోక్త స్థానం

భారతీయ వైద్యం తినే మనిషిని లెక్కలోకి తీసుకోలేదనడం సరికాదు. చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయం ఆహారఫలితాన్ని నిర్ణయించే ఎనిమిది అంశాలను పేర్కొంటుంది. ద్రవ్యస్వభావం, సంస్కారం, కలయిక, పరిమాణం, దేశం, కాలం, భుజించే నియమం అన్న ఏడింటి తరువాత ఎనిమిదవది ఉపయోక్త, అంటే తినేవాడు. అలవాటు వల్ల ఒంటికి సరిపడేదైన ‘ఓకసాత్మ్యం’ అతనిని ఆశ్రయించి ఉంటుందని ఆ గ్రంథం చెబుతుంది. అదే స్థానంలోని ఎనిమిదవ అధ్యాయం రోగిని పరీక్షించవలసిన పది అంశాలలో సాత్మ్యాన్నీ చేర్చింది. ఒకరికి హితమైనది మరొకరికి అహితం కావచ్చుననీ, అది తెలుసుకోవాలంటే తినేవానిని అడగవలసిందేననీ ఈ విధానంలోనే ఇమిడి ఉంది.

అయితే ఓకసాత్మ్యం రెండువైపులా పదునున్న భావన. అలవాటు వల్ల పదార్థం ఒంటికి సరిపడుతుందన్నప్పుడు, సరిపడనిదాన్ని అలవాటు చేసుకోవచ్చునన్న వాదానికి కూడా తలుపు తెరిచినట్లే. సూత్రస్థానం ఏడవ అధ్యాయం అహితమైన అభ్యాసాన్ని పాదాంశక్రమంలో, అంటే కొద్దికొద్ది భాగాలుగా, విడిచి హితమైనదాన్ని అలవరచుకొనే పద్ధతిని బోధిస్తుంది. అక్కడ విడవవలసింది అహితం, అలవరచుకోవలసింది హితం. ‘తింటూ ఉంటే అదే పడుతుంది’ అనే ఇంటిమాటలో ఈ క్రమం తలకిందులైంది. ఒంటికి అహితమని తినేవాడు చెప్పినదాన్నే అలవాటు చేయాలంటుంది ఇల్లు. శాస్త్రంలోని కొలత, కాలవ్యవధి, వైద్యుడు జారిపోయి అలవాటు మీది విశ్వాసం మాత్రం మిగిలింది. సాత్మ్యాన్ని నేటి అలర్జీతో సమానం చేయడం మాత్రం తగదు. రెంటి వెనుక ఉన్న శరీరభావనలు వేరు. ఇక్కడ ప్రస్తావించింది అలవాటు అనే వాదానికున్న వంశక్రమాన్ని చూపడానికే.

తెలుగు కావ్యాలలో భోజనవర్ణనలకు కొదవ లేదు. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు శ్రీవైష్ణవ అతిథులకు వానకాలంలో ఒక తీరుగా, వేసవిలో ఒక తీరుగా, చలికాలంలో ఒక తీరుగా భోజనం పెడతాడు. ఋతువుకు తగిన వేడి, చలువ, పులుపు, కారం అన్నీ అందులో ఆలోచించి పెట్టినవే. చరకుడు చెప్పిన ఎనిమిదింటిలో కాలం, సంస్కారం, కలయిక వంటివి కవిచేతిలో సజీవంగా కనిపిస్తాయి. ఉపయోక్త మాత్రం సంతృప్తుడై లేచివెళ్ళే అతిథి. అతనిని ఎవరూ ఏమీ అడగరు. అతిథిసేవను కీర్తించే ఘట్టంలో అంతకు మించి ఆశించడం కూడా న్యాయం కాదు. తినేవాని ఫిర్యాదు గొంతు వినబడేది శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న పల్నాటి చాటువులలో. సన్నబియ్యానికి అలవాటుపడినవాడు జొన్నకూటిని తలచి విసుక్కోవడం అక్కడి వస్తువు. ఆ విసుగులో ప్రాంతం ఉంది, హోదా ఉంది, రుచి ఉంది. పాఠకలోకం దాన్ని చమత్కారంగానే స్వీకరించింది. తిండి సరిపడలేదన్న మాట సాహిత్యంలోకి హాస్యం దారిన ప్రవేశించిందన్నది ఇక్కడ గమనించదగిన విషయం. నేటికీ ఇంట్లో ఆ మాటకు మొదట ఎదురయ్యేది నవ్వే.

పథ్యం, మొక్కు, పడకపోవడం

తెలుగు ఇల్లు ఆహారనిషేధాన్ని ఎరగనిది కాదు. ఎరగకపోగా నిషేధాల పట్ల దానికున్న నిష్ఠ అసామాన్యం. బాలింత పథ్యం ఇందుకు మంచి ఉదాహరణ. ఏది తినాలో, ఏది ముట్టరాదో, ఎన్నాళ్ళకు ఏది మొదలుపెట్టాలో పెద్దలు రోజుల లెక్కన నడిపిస్తారు. పథ్యం తప్పిస్తే బిడ్డకు చేటని భయపడతారు. పథ్యం విషయంలో ‘ఒక్క ముద్దకు ఏమవుతుంది’ అన్న ప్రశ్న తలెత్తదు. ఒక్క ముద్ద కూడా ప్రమాదమేనని అప్పుడు ఇల్లే నమ్ముతుంది. కనుక ఆహారం హాని చేయగలదన్న జ్ఞానం ఇంటికి లేకపోవడం కాదు సమస్య. పథ్యాన్ని విధించేది పెద్దలు, వైద్యులు. ‘పడదు’ అని చెప్పేది తినే మనిషి. తేడా అంతా చెప్పేవారి అధికారంలో ఉంది.

మొక్కులకూ దీక్షలకూ ఇదే వర్తిస్తుంది. శనివారం ఒంటిపూట ఉండేవారిని, కార్తీకమాసంలో నీచు మానినవారిని, ఉల్లి ముట్టని ఇంటివారిని ఎవరూ బలవంతపెట్టరు. వీటన్నిటిలోకి విశేషమైనది కాశీయాత్రకు ముడిపడిన ఆచారం. కాశీకి వెళ్ళినవారు తమకు ఇష్టమైన ఒక కూరగాయనో పండునో అక్కడ విడిచి వస్తారు. ‘కాశీలో వంకాయ వదిలేశాను’ అన్న ఒక్క వాక్యంతో జీవితాంతం ఆ కూర విస్తరిలో పడదు. బంధువుల ఇళ్ళలోనూ, పెళ్ళిపంక్తిలోనూ ఆ మాట చెల్లుతుంది. వంకాయ తింటే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయన్న వాక్యానికి ఆ చెల్లుబాటు లేదు. ఇష్టమైనదాన్ని త్యాగం చేయడం పుణ్యం, ఒంటికి సరిపడనిదాన్ని వద్దనడం వంక. వంకాయలో హిస్టమిన్ ఉంటుందనీ, కొందరిలో దురదకు అది కారణం కావచ్చుననీ చెప్పినా ఈ తూకం పెద్దగా మారదు. చెప్పినవారికి కాశీ పేరు ఇచ్చే బలం రసాయనం పేరు ఇవ్వలేదు.

ఇందుకు ఒక మినహాయింపు ఉంది. వేవిళ్ళ కాలంలో చూలాలు ఒక వాసన గిట్టదంటే ఆ వంట ఆగుతుంది. ఒక పులుపు కావాలంటే అది వస్తుంది. కావ్యాలలో ఈ కోరికల వర్ణనకు ప్రత్యేకస్థానమే ఏర్పడింది. తినే మనిషి మాటను ఇల్లు తర్కించకుండా వినే సందర్భాలలో ఇదొకటి. అయితే అప్పుడు కూడా ఇల్లు వినేది కడుపులోని బిడ్డ కోరికను. ప్రసవం కాగానే ఆ స్త్రీ పథ్యంలోకి, అంటే ఇతరుల నిర్ణయంలోకి, తిరిగి వస్తుంది.

అలర్జీ రాక

ఆధునిక వైద్యంలో ఈ విషయం రూపుదిద్దుకున్నది 20వ శతాబ్ది ఆరంభంలో. ఫ్రాన్సుకు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియర్ సముద్రజీవి అయిన ఎనిమోన్ విషంపై కుక్కలతో ప్రయోగాలు చేశారు. ముందుగా కొద్దిమోతాదు ఇస్తే శరీరం దానికి అలవాటుపడి తట్టుకుంటుందని వారు ఎదురుచూశారు. జరిగింది దానికి పూర్తిగా విరుద్ధం. కొన్ని వారాల వ్యవధి తరువాత రెండవసారి స్వల్పమోతాదు ఇచ్చినప్పుడే కుక్కలు మరణించాయి. రక్షణకు వ్యతిరేకం అనే అర్థంలో దీనికి 1902లో ‘అనాఫిలాక్సిస్’ అని పేరుపెట్టారు. ఈ కృషికి రిషే 1913లో నోబెల్ బహుమతి పొందాడు. అలవాటు అన్నివేళలా రక్షణ కాదని, కొన్ని శరీరాలలో అదే ప్రమాదానికి తొలిమెట్టు అని ఈ ప్రయోగం చూపింది. 1906లో వియన్నా పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే ‘అలర్జీ’ అన్న మాటను సృష్టించాడు. మొదట దాని అర్థం ‘మారిన ప్రతిస్పందన’ అని మాత్రమే. హాని అన్న అర్థం తరువాత స్థిరపడింది.

1921 నాటి ప్రయోగం ఈ వ్యాసానికి మరింత దగ్గరిది. హైన్జ్ క్యుస్ట్నర్ అనే జర్మన్ వైద్యునికి చేపలు పడవు. ఆయన రక్తరసాన్ని సహచరుడు కార్ల్ ప్రౌస్నిట్స్ తన చర్మంలోకి ఎక్కించుకున్నాడు. మరునాడు అదే చోట చేప సారాన్ని ఎక్కించగా అక్కడ దద్దురు లేచింది. ప్రౌస్నిట్స్‌కు చేపలు హాని చేయవు. పడకపోవడం అనేది క్యుస్ట్నర్ మనసులో కాక రక్తంలో ఉందని మరొకరి చర్మం మీద రుజువైంది. ఆ రక్తరసంలోని కారకాన్ని ఇమ్యునోగ్లోబ్యులిన్ ‘ఇ’గా గుర్తించడానికి 1960ల చివరిదాకా పట్టింది. ఒక మనిషి మాటను నమ్మడానికి ఇంకొక శరీరం సాక్ష్యం చెప్పవలసి రావడం వైద్యచరిత్రలోని ఘట్టమే అయినా, కుటుంబాల చరిత్ర చదివేవారికీ అది కొత్తగా అనిపించదు. చెల్లెలికి కూడా రొయ్యలు పడవని తేలినప్పుడు గాని అక్క మాటకు ఇంట్లో విలువ రాదు.

ఇంటివారి మాట చికిత్సకు దారి చూపిన సందర్భమూ ఉంది. 1888లో సామ్యుయెల్ గీ వర్ణించిన సీలియాక్ వ్యాధికి గోధుమ కారణమని అర్ధశతాబ్దం పైగా తెలియలేదు. డచ్ పిల్లల వైద్యుడు విల్లెమ్ కారెల్ డికె 1930లలో రొట్టె లేని ఆహారాన్ని ప్రయత్నించడానికి, రొట్టె మానితే తన బిడ్డకు నయంగా ఉంటోందని ఒక తల్లి చెప్పిన మాట కూడా ప్రేరణ అని చెబుతారు. 1944–45 చలికాలపు కరవులో రొట్టె దొరకని రోజులు ఆయన అనుమానాన్ని బలపరిచాయి. 1950లో ఆయన సిద్ధాంతగ్రంథం వెలువడింది.

తెలుగులోకి ‘అలర్జీ’ వచ్చినప్పుడు ‘పడదు’కు లేని శాస్త్రీయగౌరవం దానికి దక్కుతుందని ఎవరైనా ఆశించి ఉంటే ఆ ఆశ నెరవేరలేదు. ‘వాడంటే నాకు అలర్జీ’ అన్న ప్రయోగం నేడు వాడుకలో సర్వసాధారణం. ‘పడదు’ మనుషుల వైరం నుంచి తెచ్చుకున్న నీడనే ఈ కొత్తమాట కూడా కొద్దికాలంలో తెచ్చుకుంది. ‘అసహనం’ అన్న అనువాదపదం పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. తెలుగులో అసహనం ఒక గుణదోషం. పాల చక్కెర జీర్ణం కాని మనిషిని ‘లాక్టోజ్ అసహనం’ కలవాడనడం, తెలియకుండానే తప్పును అతని స్వభావం మీద మోపడమే. ‘పడకపోవడం’ అన్న పాతమాటే ఇంతకంటె మేలు.

పాలు

అపనమ్మకం అతిగా కనిపించేది పాల విషయంలో. ‘రోగి కోరిందీ పాలే, వైద్యుడిచ్చిందీ పాలే’ అన్న సామెత పుట్టిన సమాజంలో పాలు హాని చేస్తాయనడం దాదాపు అపచారం. పాలలోని లాక్టోజ్ జీర్ణం కావడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైము కావాలి. పాలు మానిన వయసు తరువాత ప్రపంచంలో అధికసంఖ్యాకులలో అది తగ్గిపోతుంది. 1981లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని ఉత్తరభారతీయులలో సుమారు 27 శాతం, దక్షిణభారతీయులలో సుమారు 67 శాతం మందిలో గుర్తించింది. పరీక్షించినవారి సంఖ్య తక్కువ కనుక ఈ అంకెలను అచ్చంగా నేటి తెలుగువారికి అన్వయించరాదు. దక్షిణాదిలో ఇది అరుదు కాదన్నంతవరకు చెప్పవచ్చు.

ఇంటి తర్కం ఇక్కడ మూడు చోట్ల పట్టుకుంటుంది. పెరుగు తినేవానికి పాలెందుకు పడవన్నది మొదటిది. తోడుపెట్టినప్పుడు సూక్ష్మజీవులు లాక్టోజ్‌లో కొంత భాగాన్ని వాడుకుంటాయి, కడుపులోకి వెళ్ళాక మిగిలినదాని జీర్ణానికీ సాయపడతాయి. కాబట్టి పెరుగు పడి పాలు పడకపోవడంలో వైరుధ్యం లేదు. కాఫీలో పాలు తాగినప్పుడు ఏమీ కాలేదే అన్నది రెండవది. ఆవుపాలలో 100 మిల్లీలీటర్లకు దాదాపు 5 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. ఒకేసారి 12 గ్రాముల వరకు చాలామంది తట్టుకోగలరు. కాఫీలోని పాలకూ గ్లాసు నిండా పాలకూ భేదం కొలతలోనే ఉంది. చిన్నప్పుడు తాగావుగా అన్నది మూడవది. లాక్టేజ్ తగ్గేదే చిన్నతనం దాటాక. తినేవాని మాటలో కనిపించే అసంగతాలన్నీ ఇలా వ్యాధి స్వభావంలోనివే. ఇల్లు వాటిని అబద్ధానికి ఆధారాలుగా తీసుకుంటుంది.

తెలియకుండా కలపడం

కొన్ని ఇళ్ళలో అపనమ్మకం మాటతో ఆగదు. ‘తెలియకుండా కలిపి పెట్టాం, ఏమయింది?’ అన్నది విజయగర్వంతో వచ్చే వాక్యం. విచిత్రమేమంటే వైద్యశాస్త్రం కూడా ఇటువంటి పరీక్షనే ప్రామాణికంగా భావిస్తుంది. 1976లో చార్లెస్ మే ఉబ్బసం ఉన్న పిల్లలపై, ఇచ్చేవారికీ తీసుకునేవారికీ ఏది ఆహారమో ఏది ఉత్తుత్తిదో తెలియని పద్ధతిలో పరీక్షలు జరిపాడు. అలాంటి పరీక్షలలో, తమకు ఫలానాది పడదని చెప్పినవారిలో అనేకులకు అది నిర్ధారణ కాలేదు. కర్ణాటకలో పెద్దలపై జరిగి 2016లో వెలువడిన అధ్యయనంలో 26.5 శాతం మంది రక్తంలో ఏదో ఒక ఆహారానికి ప్రతిస్పందించే గుణం కనిపించగా, ఆహార అలర్జీ ఉండే అవకాశం ఉన్నవారు 1.2 శాతం మాత్రమే. ఇంటివారి సందేహానికి బొత్తిగా ఆధారం లేదనడానికి వీల్లేదు. అయితే ఆసుపత్రి పరీక్షలో అంగీకారం ఉంటుంది, పెరిగే మోతాదుల లెక్క ఉంటుంది, ఊపిరి అందకపోతే ఇవ్వడానికి ఎపినెఫ్రిన్ సిద్ధంగా ఉంటుంది. సాంబారు గిన్నెలో వేరుశనగ పొడి కలిపినవారి దగ్గర ఇవేవీ ఉండవు. అలవాటు చేసే చికిత్స విషయంలోనూ ఇంతే. గుడ్డు పడని బాలునికి అతిసూక్ష్మమోతాదులతో మొదలుపెట్టి గుడ్డు అలవాటు చేసిన ఉదంతాన్ని ఆల్ఫ్రెడ్ స్కోఫీల్డ్ 1908లోనే ప్రకటించాడు. అది నెలల తరబడి కొలిచి చేసిన పని. పాదాంశక్రమాన్ని గుర్తుకు తెచ్చేది అదే గాని ‘ఒక్క ముద్ద’ కాదు.

‘పడదు’ అన్న మాటకు ఉన్న అసలు లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. కడుపుబ్బరానికీ, గొంతు వాచి ఊపిరి ఆగే ప్రమాదానికీ తెలుగు వాడుకలో ఒకే మాట. పాలు పడనివాడు ఒక గ్లాసు తాగితే పూట గడవడం కష్టమవుతుంది. పల్లీలు పడనివానికి ఒక పలుకు ప్రాణాంతకం కావచ్చు. మొదటివానిని చూసిన ఇల్లు రెండవవానిని కూడా ఆ తరగతిలోనే చేరుస్తుంది. ‘వికటించడం’ అన్న మాటలో తీవ్రత ఉంది గాని దాన్ని మందులకే ఎక్కువగా వాడతారు. ‘అన్నం ఒంటబట్టదు’ అన్నది బలహీనతను చెబుతుంది. మోతాదును, తీవ్రతను వేరుచేసి చెప్పే పదజాలం వైద్యులకూ నిఘంటుకారులకూ ఇంకా మిగిలి ఉన్న పని.

2020 నాటి భారత ఆహారభద్రతా నిబంధనలు పొట్లం మీద గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలూ పీతల వంటివి, గుడ్లు, చేపలు, పాలు, వేరుశనగ, బాదం జీడిపప్పు వంటివి, సోయా ఉన్న సంగతి ప్రకటించాలని చెప్పాయి. ఐరోపా సమాఖ్య జాబితాలో వీటికి తోడు ఆవాలు, నువ్వులు కూడా ఉన్నాయి. ఆవకాయకు మూలమైన ఆవపిండి, నువ్వులనూనె రెండూ అక్కడ హెచ్చరిక అవసరమైనవి, ఇక్కడ కానివి. ఇంట్లో పెట్టిన జాడీకి ఏ దేశంలోనూ ఆ చీటీ ఉండదు. అందులో పోసింది నువ్వులనూనెనో వేరుశనగనూనెనో తెలియాలంటే తినేవారు అడగాలి, కలిపినవారు చెప్పాలి.